వార్చే నీళ్ళూ, తాగే నీళ్ళూ

వంటింట్లో విజ్ఞానం

పిల్లలూ! ఈ నెల మనం పుస్తకాలు కాస్త పక్కన పెట్టి ఒక వంట చేయబోతున్నాం. వంట పేరు కూరల జావ. పట్నంలో హోటళ్ళవాళ్ళు దీని చుట్టాన్నే "సూప్" అని పిలిచి, చిన్న గిన్నెలో పోసి, భోజనానికి ముందు తెచ్చి పెడతారు. మన జావ అలా ముందు వచ్చి పలకరించి పోయేది కాదు. రాత్రి భోజనమంతా అదే. బయట ముసురు పట్టి, కట్టెలు చెమ్మగిల్లి, బజారుకు పోయే వీలు లేని సాయంత్రం, గుప్పెడు పప్పుతో, ఒక గ్లాసు పిండితో, ఇంట్లో ఉన్న నాలుగు కూరముక్కలతో అయిదుగురి కడుపులు వెచ్చగా నింపే వంట.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం అడవులలోకి పోయే దారి తెలిసినవాళ్ళకు ఆ ముసురు సంగతి వేరే చెప్పనక్కర లేదు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు రాగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986లో నది ఏకంగా 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. అటువంటప్పుడు వాగులన్నీ వెనక్కి తన్ని ఊళ్ళకు దారులు తెగిపోతాయి. కూరగాయలు వచ్చే దారి ఉండదు. ఇహ పెరట్లోని మునగచెట్టూ, పాకమీదికి పాకిన గుమ్మడితీగా, దూలానికి వేలాడే ఉల్లిపాయలూ, వీటితోనే గడుపుకోవాలి.

ఈ ప్రాంతపు కోయవాళ్ళకు జావ కొత్త వంటకం కాదు. జొన్నజావ వాళ్ళ ఇళ్ళలో తరతరాలుగా కాస్తున్నారు. పొలానికి పోయేటప్పుడు ఎండబెట్టి తొలిచిన సొరకాయ బుర్రలో దాన్ని పోసుకుపోయేవాళ్ళు. బుర్ర తేలిక. పైగా ఎండలో లోపలిది త్వరగా వేడెక్కదు. తాగటానికి ఆకుదొప్ప ఉండనే ఉంది. తాగిన తరువాత దొప్పను తోమే పని కూడా లేదు చూశారా!

అయితే ఇవాళ మనం వంటతోపాటు ఒక ప్రశ్నకు జవాబు వెతకాలి. కూర ఉడికిన నీళ్ళు తాగాలా, వార్చి పారబోయాలా? చాలా చిన్న ప్రశ్నలాగా కనిపిస్తుంది. కాని దీనికి సరైన జవాబు తెలియక లక్షలమంది మంచాన పడ్డారు.

ముందు జావకు కాక, జావాకు పోదాం. అదొక దీవి. ఇప్పటి ఇండోనేషియాలో ఉన్నది. పేర్లు కలిశాయి గాని, మన జావకూ దానికీ చుట్టరికం లేదు. అక్కడ బటేవియా నగరంలో 1890 ప్రాంతాన అయిక్‌మన్ అనే డచ్చి డాక్టరు ఉండేవాడు. ఆ రోజుల్లో బెరిబెరి అనే జబ్బు ఆ దేశాలలో పెద్ద బెడదగా ఉండేది. కాళ్ళు పట్టు తప్పేవి, తిమ్మిర్లెక్కేవి, చివరకు గుండె ఆగేది. అది ఏదో క్రిమివల్ల వస్తుందనుకుని అయిక్‌మన్ కోళ్ళను పెంచి పరీక్షలు చేస్తున్నాడు. ఒకసారి కోళ్ళన్నీ కాళ్ళు చచ్చుబడి తూలిపోసాగాయి. రోగి రక్తం ఎక్కించిన కోళ్ళూ తూలాయి, ఎక్కించనివీ తూలాయి! కొంతకాలానికి అన్నీ ఉన్నట్టుండి బాగుపడ్డాయి. డాక్టరుకు ఏమీ పాలుపోలేదు.

తీరా ఆరా తీస్తే తేలినదేమిటంటే, కోళ్ళకు కొన్నాళ్ళపాటు ఆసుపత్రి వంటశాలలో మిగిలిన అన్నం పెట్టారు. అది బాగా పాలిష్ పట్టిన తెల్లని బియ్యంతో వండిన అన్నం. తరువాత వంటవాడు మారాడు. మిలిటరీవాళ్ళ బియ్యం మామూలు కోళ్ళకు పెట్టడమేమిటని కొత్తవాడు అభ్యంతరం చెప్పాడు. కోళ్ళకు మళ్ళీ ముతకబియ్యం వచ్చింది, అవి కోలుకున్నాయి. ఆ వంటవాడి పట్టుదల లేకపోతే ఈ సంగతి ఎన్నాళ్ళకు బయటపడేదో! బియ్యం పైపొరలో, అంటే తవుడులో, మనిషికి అవసరమైనది ఏదో ఉన్నదని తరువాత పరిశోధకులు తేల్చారు. దాన్నే ఇప్పుడు విటమిన్ బి1 అంటున్నాం. అయిక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమానం వచ్చింది.

ఇదంతా ఎక్కడో దీవిలో జరిగిందని ఊరుకోవద్దు. బెరిబెరి మన సర్కారు జిల్లాలలో కూడా ఉండేది. పాలిష్ పట్టిన పచ్చిబియ్యం తినటం, దాన్ని నాలుగైదు నీళ్ళలో కడగటం, పైగా గంజి వార్చటం, ఇవన్నీ కలిసి ఆ కాస్త విటమినునూ నీళ్ళపాలు చేసేవి. ఎందుచేతనంటే బి1 నీటిలో కరుగుతుంది. బెరిబెరి సంగతి తేల్చడానికే 1918లో నీలగిరిలోని కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో చిన్న పరిశోధన విభాగం పెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1969 నుంచి దానికి జాతీయ పోషకాహార సంస్థ అని పేరు.

కాబట్టి మొదటి జవాబు: అన్నం ఉడికిన నీళ్ళు వార్చకూడదు, వారిస్తే పారబోయకూడదు. గంజిలో ఉప్పు, కాస్త మజ్జిగ కలిపి తాగే మన అవ్వలకు విటమిను పేరు తెలియదు గాని, విటమిను మాత్రం కడుపులోకే పోయేది.

ఆకుకూరల సంగతీ అంతే. ఇందులో మన తెలుగువాడి కథ ఒకటి ఉన్నది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన సొంత అన్నగారు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. స్ప్రూ వచ్చినవాళ్ళకు తిన్నది ఒంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది. సుబ్బారావు గారు 1923లో అమెరికా వెళ్ళి అక్కడే పరిశోధనలు చేశారు. 1941లో అక్కడి శాస్త్రజ్ఞులు కొందరు నాలుగు టన్నుల పాలకూరను వడగట్టి, వడగట్టి, ఒక చిటికెడు పదార్థం తీశారు. ఆకునుంచి వచ్చింది గనుక దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. నాలుగు టన్నులకు చిటికెడు వస్తే రోగులకు సరిపోయేదెన్నడు? లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు గారి నాయకత్వాన పనిచేసినవాళ్ళు 1945లో దాన్ని ఆకులతో పనిలేకుండా తయారుచేశారు. అన్నగారిని తీసుకుపోయిన జబ్బుకు మందు తమ్ముడి ప్రయోగశాలలోనే తయారైంది.

ఈ ఫోలిక్ ఆమ్లం కూడా నీటిలో కరుగుతుంది. చాలాసేపు మరిగిస్తే చెడుతుంది. ఈ రెండు ముక్కలూ జ్ఞాపకం పెట్టుకుని పొయ్యి దగ్గరకు వెళదాం. పదేళ్ళ లోపువాళ్ళు కూరలు తరగటం, పిండి కలపటం చేయండి. పొయ్యి దగ్గర అమ్మో, నాన్నో, అవ్వో ఉండాలి. ఇది అలంకారానికి చెప్పే మాట కాదు. మరిగే జావ మీద పడితే నీళ్ళకంటె ఎక్కువ కాలుస్తుంది, చర్మానికి అంటుకుని కదలదు గనుక.

అయిదుగురికి కావలసినవి ఇవి. పెసరపప్పు ఒక చిన్న గ్లాసు, సుమారు 100 గ్రాములు. జొన్నపిండి కూడా అంతే. గుమ్మడి ముక్కలూ సొరకాయ ముక్కలూ కలిపి అరకిలో. మునగాకు రెండు పెద్ద గుప్పెళ్ళు. మునగాకు దొరక్కపోతే తోటకూరో, బచ్చలో సరిపోతుంది. రెండు టమాటాలు, ఒక ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మిరియాలు, జీలకర్ర, ఉప్పు, రెండు చెంచాల నూనె, ఒక నిమ్మకాయ. నీళ్ళు రెండు లీటర్లు. ఆషాఢంలో మునగాకు తినాలని పెద్దలు చెప్పటం మీరు వినే ఉంటారు. ముసురు రోజుల్లో సంతలో కూర దొరకనప్పుడు ఈ చెట్టు పెరట్లోనే పచ్చగా నిలబడి ఉంటుంది. ఆ మాట ఎందుకు పుట్టిందో నాకు అక్కడే అర్థమవుతుంది.

కూరను ముందు కడిగి, తరువాత తరగండి. తరిగిన తరువాత కడిగితే కోసిన అంచుల నుంచి సారం నీళ్ళలోకి దిగి తూములో పోతుంది. చాలామంది పెద్దలు కూడా ఇది తిరగేసి చేస్తారు. వాళ్ళకు మర్యాదగా చెప్పండి.

పప్పు కడిగి, ఒకటిన్నర లీటరు నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టి మూతవేయండి. ఇక్కడ ఒక తొందర చేయకూడదు. టమాటాగాని, చింతపండుగాని పప్పుతోపాటే వేయరాదు. పప్పుగింజలోని కణాలను ఒక జిగురు అంటిపెట్టుకుని ఉంటుంది. వేడినీళ్ళలో ఆ జిగురు కరిగితేనే పప్పు మెత్తబడేది. పులుపు ఉంటే జిగురు గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. అమ్మ పప్పు ఉడికిన తరువాతే చింతపండు పులుసు పోయటం చూశారు గదా, కారణం అదే. నమ్మకం లేకపోతే రెండు చిన్న గిన్నెలలో కాస్త కాస్త పప్పు విడిగా ఉడికించి, ఒకదానిలో పులుపు వేసి చూడండి.

నీళ్ళు మరగటం మొదలుపెట్టగానే మంట తగ్గించండి. "మంట పెద్దదైతే తొందరగా ఉడకదూ?" అంటారు మీరు. ఉడకదు! మూత తీసిన గిన్నెలో నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆపైన ఎన్ని కట్టెలు ఎగదోసినా నీరు అంతకు మించి వేడెక్కదు. ఆ వేడంతా నీటిని ఆవిరి చేయటానికే ఖర్చవుతుంది. కుతకుతలాడే కుండా, సన్నగా బుడగలు వచ్చే కుండా, రెండింటిలోనూ పప్పు ఇంచుమించు ఒకే వేళకు ఉడుకుతుంది. కట్టెలు మాత్రం ఒకదాని కింద రెట్టింపు కాలతాయి. తడిసిన కట్టెలు ఊదుకునే ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. ఆ పొగ అంతా పీల్చేది అమ్మే. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లోనూ లెక్క అదే. ప్రెషరు కుక్కరులో మాత్రం ఆవిరిని బయటకు పోనీయక బిగబట్టడంవల్ల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. దాని దారి వేరు.

పప్పు మెత్తబడ్డాక గుమ్మడి, సొర, ఉల్లి, వెల్లుల్లి, టమాటా వేయండి. అవి పది నిమిషాలు ఉడికేలోగా మిగిలిన అరలీటరు చన్నీళ్ళలో జొన్నపిండి కలపండి. చన్నీళ్ళే ఎందుకు? పిండిలో ప్రతి రేణువూ వేడినీటిలో నీరు తాగి ఉబ్బుతుంది. జొన్నపిండికి 70 డిగ్రీలు దాటేసరికి ఈ ఉబ్బటం జరిగిపోతుంది. పొడిపిండిని వేడినీళ్ళలో కుమ్మరిస్తే బయటి రేణువులు ముందు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని గోడలాగా తయారవుతాయి. లోపలి పిండికి నీరు అందదు. అదే ఉండ. నోట్లో పడి పగిలితే లోపల పొడిపిండి రాలుతుంది. చన్నీళ్ళలో అయితే రేణువులు విడివిడిగా తేలుతూ ఉంటాయి. వాటిని సన్నధారగా పోస్తూ కలియబెడితే అన్నీ ఒక్కసారే ఉబ్బి జావ చిక్కబడుతుంది. ఆ తరువాత మరో పదినిమిషాలు సన్నమంట మీద ఉడకనివ్వండి. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. అక్కాచెల్లెళ్ళు వంతులు వేసుకుంటే మంచిది. తమ్ముడికి మినహాయింపు లేదు.

మునగాకు అన్నిటికన్న చివర. నాలుగు నిమిషాలు చాలు. ఎందుకో సుబ్బారావు గారి కథలోనే ఉన్నది. ఉప్పు ఇప్పుడు వేయండి. వేరే మూకుడులో నూనె కాచి జీలకర్ర, దంచిన మిరియాలు వేసి తాలింపు పెట్టండి. నూనె రుచికే కాదు. గుమ్మడిలో, మునగాకులో ఉండే పసుపుదనపు సారంనుంచి మన ఒళ్ళు విటమిన్ ఏ తయారుచేసుకుంటుంది. అది తక్కువైతే పిల్లలకు రేచీకటి వస్తుంది, మసక పడగానే కళ్ళు కనిపించవు. ఆ సారం నీటిలో కరగదు, నూనెలోనే కరుగుతుంది. నూనె చుక్క లేకుండా తింటే చాలా భాగం ఒంటబట్టదు.

మిరియాలు వేయమన్నానని ఖమ్మంవాళ్ళు నామీద కోపగించుకోవద్దు. మీ మిరపకాయల మార్కెట్టు పేరు దేశమంతా తెలుసు. కాని మిరపకాయ మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండంలో పుట్టి, 1498లో వాస్కోడిగామా వచ్చిన తరువాత పోర్చుగీసువాళ్ళతో మనకు వచ్చింది. టమాటాదీ ఆ ఖండమే. అంతకుముందు మన చారుకు ఘాటు ఇచ్చింది మిరియమే. తమిళంలో మిరియాల నీళ్ళను "మిళగు తణ్ణీర్" అంటారు. మద్రాసులోని దొరలు దాన్ని తాగి, నోరు తిరగక "ముల్లిగటానీ" అని పేరు పెట్టి, ఇంగ్లండు తీసుకుపోయారు. కనుక సూప్ మనకు వాళ్ళు నేర్పిన వంటేనా అని ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి.

కుండ దింపిన తరువాత నిమ్మరసం పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే అందులోని విటమిన్ సి వేడికి చెడుతుంది. చల్లారాక పిండితే అది మిగలటమే గాక, ఆకులోని, పప్పులోని ఇనుమును ఒంటికి అందించటంలో సాయం చేస్తుంది.

ఇంతవరకు ఒక్క చుక్క నీరు కూడా పారబోయలేదు, గమనించారా? ఇప్పుడు అడవిలోకి అడుగు పెడదాం. అక్కడ జవాబు తలకిందులవుతుంది.

వానలు పడగానే వెదురు పొదల్లో లేత కొమ్ములు మొలుస్తాయి. కొండల్లో వాళ్ళకు అవి ఇష్టమైన కూర. కాని పచ్చి కొమ్ములో సైనైడు అనే విషాన్ని విడుదల చేసే పదార్థం ఉంటుంది. అందుకని కొమ్ములను సన్నగా తరిగి, నీళ్ళలో బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వేరే నీళ్ళతో వండుతారు. ఈ నీళ్ళతో జావ కాచారో, అంతే సంగతులు! కొన్ని చేదు అడవిదుంపలను ముక్కలుగా కోసి, బుట్టలో పెట్టి, పారే నీటిలో చాలాసేపు ఉంచుతారు. విటమిను నీటిలో కరిగినట్టే ఆ విషం కూడా నీటిలోనే కరుగుతుంది. వాగు దాన్ని తీసుకుపోతుంది. సూత్రం ఒక్కటే, ఒకచోట అది మనకు నష్టం, ఇంకొకచోట ప్రాణరక్ష.

గోదావరి ఒడ్డు కొండలలో ఉండే కొండరెడ్లను గురించి హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు 1945లో ఒక పుస్తకం వేశాడు. వానాకాలంలో ధాన్యం అయిపోయినప్పుడు వాళ్ళు జీలుగుచెట్టు బోదెలోని పిండినీ, మామిడి టెంకలలోని జీడినీ తిని రోజులు వెళ్ళబుచ్చేవాళ్ళు. టెంకజీడి వగరు పోయేదాకా నీటిలో నానబెట్టి, కడిగి, అప్పుడు పిండిచేసి జావ కాచుకోవాలి. ఇంత శ్రమా ఆకలి తెచ్చిపెట్టిన శ్రమ. ఎండబెట్టిన జీడికి తేమ తగిలితే బూజు పడుతుంది. 2024 చివరలో ఒడిశాలోని కందమాల్ జిల్లాలో టెంకజావ తాగి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బూజుపట్టిన జీడే కారణమై ఉంటుందని అనుమానించారు. బూజు విడిచే విషాలు కొన్ని ఎంత మరిగించినా చావవు. అందుచేత జొన్నపిండి అయినా సరే, ముసురులో ముక్కవాసన వస్తే, "ఉడికితే అదే పోతుందిలే" అనుకోకూడదు. అది కుండలోకి రాకూడదు. అడవి దుంపలూ పుట్టగొడుగులూ మీ అంతట మీరు ఏరి తెచ్చి వండకండి. అది తరాలుగా తెలిసిన చేతులు చేయవలసిన పని.

జావ కాస్త చల్లారేలోగా ఒక తమాషా చేతాం. మోదుగాకుతోగాని, అడ్డాకుతోగాని కుట్టిన దొప్ప ఉంటే మంచిది. లేకపోతే మందపాటి కాగితంతో పెట్టెలాగా మడవండి. అందులో సగానికి పైగా నీళ్ళు పోసి, పెద్దవాళ్ళ చేత పట్టుకారుతో పట్టించి, కొవ్వొత్తి మంట సరిగ్గా నీళ్ళ కిందికి వచ్చేట్టు పెట్టించండి. కాగితం కాలదు! నీళ్ళు వేడెక్కి, ఓపిక పడితే మరుగుతాయి కూడా. కాగితం అంటుకోవటానికి రెండువందల డిగ్రీలు దాటాలి. నీరు దాన్ని 100 డిగ్రీలు దాటనివ్వదు. మంట నీళ్ళు లేని అంచుకు తగిలితే మాత్రం భగ్గుమంటుంది, జాగ్రత్త. మారేడుమిల్లి దగ్గర పచ్చి వెదురుబొంగులో కోడికూర నింపి నిప్పులమీద కాల్చటం మీరు చూసి ఉండవచ్చు. బొంగు పైన మాడినా తొందరగా కాలిపోకపోవటానికి దానిలోని పచ్చితేమే కారణం. కుండలు లేనిచోట వంట ఎలా సాగేదో దీన్నిబట్టి ఊహించుకోండి.

ఇహ వడ్డన. లోతుగిన్నెలలో పోసి, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్క పెట్టండి. ఆకలి ఎక్కువగా ఉన్నవాళ్ళకు పొద్దుటి అన్నం రెండు ముద్దలు అందులోనే కలపవచ్చు. జ్వరంపడి లేచినవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళ గిన్నెలో మిరియం తగ్గించి, ముక్కలు మెత్తగా మెదిపి ఇవ్వండి. జ్వరంలో చెమటపట్టి ఒంట్లోనుంచి పోయిన నీరూ ఉప్పూ రెండూ ఒక్క గిన్నెతో తిరిగి వస్తాయి. నమలటానికి ఓపిక లేనివాళ్ళు కూడా తాగగలుగుతారు.

కుండలో ఏమైనా మిగిలితే? ఉత్త జొన్నజావ అయితే రాత్రంతా ఉంచి, పొద్దున పులిసిన తరువాత అంబలిగా తాగేవాళ్ళు. పప్పూ కూరలూ పడిన జావకు ఆ పద్ధతి పనికిరాదు, అది పులియదు, పాసిపోతుంది. ఆ రాత్రికే చెల్లించండి. ఒకటి పులియటానికీ ఇంకొకటి పాసిపోవటానికీ తేడా ఏమిటో, కంటికి కనిపించని ఆ వంటవాళ్ళు ఎవరో వచ్చే నెల చూతాం. ఈలోగా ఒక గిన్నెలో రెండు చెంచాల ఉత్త జావ మూతపెట్టి ఉంచి, మర్నాడు వాసన చూసి, ఎలా ఉందో కాగితం మీద రాసి పెట్టుకోండి. రుచి మాత్రం చూడకండి.